వంద శాతం ఖాళీ

మా పుల్లేరుపాడు మండలంలో సర్వే నెంబరు 118 కింద నలభై రెండు ఎకరాల ప్రభుత్వ భూమి ఉంది. అందులో ఏమీ లేదు. ఈ కథంతా ఆ ఏమీ లేకపోవడం గురించే.

నేను ఆ మండలంలో రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌ని. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఏ ఆర్డరునూ ఎందుకని అడిగిన పాపాన పోలేదు. అడిగినవాళ్లని చూశాను. ఎన్నికలొస్తే వాళ్ల డ్యూటీలన్నీ కరెంటు లేని బూత్‌లలోనే పడేవి. అందుచేత ఇక్కడ మీకు ఎక్కడైనా నవ్వొస్తే దానికి బాధ్యత ప్రభుత్వానిదే, నాది కాదు.

ఆ నలభై రెండు ఎకరాలకి కాపలాదారు దార్ల మాలకొండయ్య. ఔట్‌సోర్సింగ్ మనిషి. పదకొండేళ్లుగా ఖాకీ చొక్కా, చేతికర్ర, సొంత డబ్బుతో కొనుక్కున్న విజిలు వేసుకుని ఆ భూమి చుట్టూ తిరుగుతున్నాడు. పక్క మండలాల్లో ప్రభుత్వ భూములు రెండు ఎన్నికల మధ్యలో మాయమైపోతుంటే, మాది మాత్రం కొలిచినప్పుడల్లా నలభై రెండే వచ్చేది. ఒకసారి సర్వేయరు పొరపాటున నలభై రెండున్నర చూపించాడు. ఆ అర ఎకరం ఎవరిదో కనుక్కుని వాళ్లది వాళ్లకి ఇచ్చేయండని మాలకొండయ్య మా ఆఫీసు చుట్టూ వారం రోజులు తిరిగాడు.

అతనికీ భార్య చెంచమ్మకీ సొంత ఇల్లు లేదు. ఊళ్లో ఒక రేకుల గదిలో అద్దెకుంటారు. ప్రతి జూన్‌లోనూ ఇంటి స్థలం ఇప్పించమని మా ఆఫీసులో దరఖాస్తు పెట్టేవాడు. అడిగేది రెండు సెంట్లు. ప్రతి జూలైలోనూ నేను దాని మీద ఎర్ర సిరాతో ఒకే వాక్యం రాసేవాణ్ని: "మండలంలో పంపిణీకి అనువైన ఖాళీ ప్రభుత్వ భూమి లభ్యం కానందున తిరస్కరించడమైనది." పదకొండు సార్లు రాశాను. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని అతను మళ్లీ నలభై రెండు ఎకరాల ఖాళీ ప్రభుత్వ భూమికి కాపలా కాయడానికి వెళ్లిపోయేవాడు.

ఒక ఏడాది ఆ కాగితం తీసుకోవడానికి చెంచమ్మ వచ్చింది.

"ఖాళీ భూమి లేదని రాశారే, మరి మా ఆయన కాపలా కాసేది దేనికి సారూ? ఆకాశానికా?"

"అది పంపిణీకి అనువైన ఖాళీ కాదమ్మా. రిజర్వులో ఉన్న ఖాళీ."

"ఖాళీల్లో గూడా రకాలుంటాయా?"

"చాలా ఉంటాయి."

"మాకు ఏ రకమైనా పర్లేదులే సారూ" అని నవ్వి వెళ్లిపోయింది. ఆ మనిషి నవ్వంటే నాకు కాస్త భయం. ఆమె వెళ్లిన తర్వాత చాలాసేపు ఫైళ్ల మీద మనసు నిలవలేదు.

ఇలా ఉండగా కిందటేడు రాజధానిలో కొత్త సంస్థ ఒకటి పుట్టింది. పేరు భూవిలువ వికాస సంస్థ. ప్రభుత్వ భూముల్ని లీజుకిచ్చి రాష్ట్రాన్ని ఎక్కడికో తీసుకెళ్లిపోవడం దాని పని. ఆ సంస్థ సలహాదారు భార్గవ గారు మాకందరికీ జిల్లా కేంద్రంలో శిక్షణ ఇచ్చారు. ముప్పై ఏళ్లుంటాయేమో. సూటు వేసుకుని కాళ్లకి ఆటల బూట్లు తొడుక్కున్నారు.

"భూమి విలువ ఎందులో ఉంది?" అని అడిగారు.

మట్టిలో అని ఒకరన్నారు. నీళ్లలో అని ఒకరన్నారు. ఎమ్మెల్యే గారి తోటకి ఎంత దగ్గరుంటే అంత అని అనుభవజ్ఞుడైన ఒక సర్వేయరు అన్నాడు. భార్గవ గారు అన్నిటికీ తల అడ్డంగా ఊపారు.

"భూమి విలువ ఖాళీలో ఉంది. పంట ఉంటే రైతు ఉంటాడు, రైతు ఉంటే స్టే ఆర్డరు ఉంటుంది. చెట్టు ఉంటే అటవీ శాఖ వస్తుంది. గుడిసె ఉంటే ఓటరు ఉంటాడు. ఏమీ లేని భూమిని మాత్రమే పెట్టుబడి ప్రేమిస్తుంది. కాబట్టి మిత్రులారా, మనం లీజుకిచ్చేది భూమిని కాదు. భూమిలో ఉన్న లేమిని."

జాయింట్ కలెక్టరు గారు చప్పట్లు కొట్టారు. దాంతో అందరం కొట్టాం.

కొత్త నిబంధన ఇదీ. ప్రతి ప్రభుత్వ భూమికీ ఖాళీ శాతం నిర్ధారించాలి. వంద శాతం వచ్చిన భూమి మాత్రమే లీజు వేలానికి పోతుంది. అందుకోసం "ఖాళీదర్శిని" అని ఒక యాప్ ఇచ్చారు. ప్రతి నెలా ఒకటో తారీఖు ఉదయం పదకొండు గంటలకి, భూమి హద్దు బయట నిర్దేశించిన చోట నిలబడి ఫొటో తీస్తే, ఆ భూమి ఎంత ఖాళీగా ఉందో అదే లెక్కగట్టి చెబుతుంది. శాతం తగ్గిన మండలం తహసీల్దారుకి ప్రమోషను ఆగుతుంది.

మా తహసీల్దారు హైమవతి గారికి డిప్యూటీ కలెక్టరు ప్రమోషను ఆరు నెలల దూరంలో ఉంది. మంచి మనిషే. భయం ఎక్కువ, అంతే. శిక్షణ నుంచి వచ్చిన మర్నాడే జేసీబీ పంపించి 118లో ముళ్ల చిల్లచెట్లన్నీ పీకించారు. ఒకటో తారీఖున నేను ఫొటో తీస్తే యాప్ తొంభై ఏడు శాతం అని చూపించి, "ఇరవై ఎనిమిది అనధికార నిర్మాణాలు గుర్తించబడినవి" అంది. వెళ్లి చూస్తే అవి మా సర్వే రాళ్లే. భూమి హద్దులు తెలియడానికి మా శాఖే పాతిన రాళ్లు.

"పీకించండి" అన్నారు హైమవతి గారు.

"మేడమ్, అవి పీకితే భూమి ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో తెలియదు."

"అది రికార్డుల్లో ఉంటుంది కదా. నేల మీద ఎందుకు?"

పీకించాం. అప్పటి నుంచి 118 హద్దులు ఎక్కడున్నాయో తెలిసిన ప్రాణి మండలం మొత్తంలో మాలకొండయ్య ఒక్కడే. ఎవరైనా అడిగితే కర్రతో చూపించేవాడు. "ఇదుగో సారూ, ఇక్కడిదాకా మనది. ఈ అడుగు అవతల రంగనాయకులు గారిది."

రెండో నెల ఒకటో తారీఖున తొంభై తొమ్మిది పాయింట్ ఆరు వచ్చింది. "ఒక మానవ ఆక్రమణ గుర్తించబడినది." ఫొటో పెద్దది చేసి చూశాం. దూరంగా ఖాకీ చొక్కాలో మాలకొండయ్య నిటారుగా నిలబడి ఫోనుకి సెల్యూట్ కొడుతున్నాడు.

అతన్ని పిలిపించాను.

"వచ్చే నెల నుంచి ఒకటో తారీఖు పదకొండింటికి నువ్వు భూమిలో ఉండకూడదయ్యా."

"నా హాజరు పదకొండింటికే గదా సారూ. భూమిలో నిలబడి సెల్ఫీ పంపకపోతే ఆ రోజు జీతం కట్ చేస్తారు."

నిజమే. ఔట్‌సోర్సింగ్ వాళ్ల హాజరు చూసేది ఇంకో శాఖ. వాళ్లది ఇంకో యాప్. కాపలాదారు పదకొండింటికి భూమిలో ఉన్నట్టు అది చూడాలి, లేనట్టు మాది చూడాలి. మీ టైము మార్చుకోండని వాళ్లకి లేఖ రాశాం. "తమరు మార్చుకున్న పిదప తగు చర్య తీసుకోగలము" అని జవాబొచ్చింది. వాళ్లూ మాకు అదే లేఖ రాశారు. అదే జవాబు మేమూ ఇచ్చాం. ఉత్తర ప్రత్యుత్తరాలతో ఫైలు పుష్టిగా తయారైంది గానీ టైము మారలేదు.

మూడో నెల అతన్ని పడుకోమన్నాను. నేలకి అతుక్కుని వెల్లకిలా పడుకుని సెల్ఫీ తీసుకున్నాడు. యాప్ అప్పుడు ఆక్రమణ అనలేదు. "పాతిపెట్టని మృతదేహం" అంది. ఆ ముక్క నేరుగా పోలీసు స్టేషన్‌కి పోయి, ఎస్.ఐ. గారు జీపేసుకుని వచ్చి, మృతదేహంతో మాట్లాడి, మమ్మల్ని నాలుగు తిట్టి వెళ్లారు.

ఇక హైమవతి గారు నిబంధనల పుస్తకం తెరిచారు. "పై అంశమును నిబంధనల వెలుగులో పరిశీలించగా, ఏ వ్యక్తి అయినను కేటాయింపు లేకుండా ప్రభుత్వ భూమిపై ఉన్నట్లయితే అతడు ఆక్రమణదారుడే" అని చదివి, "ఇతనికి కేటాయింపు ఉందా?" అని నన్ను అడిగారు.

"కాపలా డ్యూటీ ఉంది మేడమ్."

"డ్యూటీ వేరు, కేటాయింపు వేరు. బి-మెమో ఇవ్వండి."

ప్రభుత్వ భూమిని ఆక్రమించినవాడికి జరిమానా వేస్తూ మేమిచ్చే నోటీసుని బి-మెమో అంటారు. నా చేతి రాత బాగుంటుందని పేరు. గుండ్రటి అక్షరాలతో రాసి, మాలకొండయ్యకి ఇచ్చి సంతకం తీసుకున్నాను. అతను రెండు చేతులతో అందుకుని, "దీన్ని ఎవురికియ్యాల సారూ?" అని అడిగాడు.

"నీకే."

"నాకా?" కాసేపు చదువుకున్నాడు. "నేను ఉండే భూమిలో నేను ఉంటే తప్పేంది?"

"నీది కాదు కదా."

"నాది గాదు గాబట్టే గదా కాస్తన్నా" అన్నాడు.

యాప్ నెలనెలా పట్టుకుంటూనే ఉంది. మూడు నెలల్లో మూడు బి-మెమోలు ఇచ్చాం. మూడోదాంతో కొత్త చిక్కొచ్చింది. ప్రభుత్వ భూమిలో ఆక్రమణ జరిగితే అక్కడి కాపలాదారుని సంజాయిషీ అడగాలని ఒక సర్క్యులరుంది. కాబట్టి అదే రోజు, అదే చిరునామాకి, అదే మనిషికి రెండో కాగితం కూడా వెళ్లింది: "మీ పర్యవేక్షణలోని భూమిని దార్ల మాలకొండయ్య అను వ్యక్తి ఆక్రమించుచుండగా మీరు ఏమి చేయుచున్నారో మూడు దినములలో తెలుపవలెను."

అతను నా దగ్గరికే వచ్చి జవాబు రాయించుకున్నాడు. అబద్ధం రాయనన్నాడు. చివరికి ఇలా రాశాం: "సదరు వ్యక్తి భూమిలోకి వచ్చిన ప్రతిసారి నేను అక్కడే ఉన్నాను. అతడు నాకు తెలియకుండా ఒక్క అడుగు కూడా వేయలేదు. అతని వల్ల భూమికి ఏ నష్టమూ కలగలేదని హామీ ఇస్తున్నాను."

హైమవతి గారు సంతృప్తి చెంది, హెచ్చరికతో సరిపెట్టారు. ఇకమీదట ఆక్రమణదారుని కదలికల గురించి వారానికో నివేదిక ఇవ్వాలన్నారు. అతను ఇచ్చేవాడు. "సోమవారం: ఉత్తరం పక్క నడిచినాడు. మంగళవారం: జ్వరంగా ఉండి నీడ కోసం చూసినాడు, చెట్లు లేవు." అలా ఉండేవి ఆ నివేదికలు. వాటిని నేనే ఫైల్ చేసేవాణ్ని. ఆ మంగళవారం నివేదిక మాత్రం రెండుసార్లు చదివాను.

ఆలోగా, వంద శాతం ఎలాగూ వస్తుందన్న నమ్మకంతో ముందుగానే లీజు టెండర్లు పిలిచారు. ఎంపిక కమిటీలో భార్గవ గారున్నారు, జాయింట్ కలెక్టరు గారున్నారు, ఫైళ్లు అందించడానికి నేనున్నాను. మొదట మా ప్రాంతపు మిర్చి రైతుల సంఘం వచ్చింది. శీతల గిడ్డంగి కడతామన్నారు. రెండొందల మందికి పని దొరుకుతుందన్నారు.

"గిడ్డంగి కట్టిన తర్వాత ఖాళీ ఎంత మిగులుతుంది?" అని అడిగారు భార్గవ గారు.

"సగం దాకా ఉంటదండి" అన్నాడు సంఘం పెద్ద.

"అంటే రాష్ట్ర ప్రజల ఆస్తిలో సగాన్ని మీరు శాశ్వతంగా ధ్వంసం చేస్తారు."

"లేదండి, అందులో మిరపకాయలు పెడతాం."

"అదే నేనూ అంటున్నాను" అన్నారు భార్గవ గారు విచారంగా. వాళ్లకి సున్నా మార్కులు పడ్డాయి.

తర్వాత సౌరవిద్యుత్తు వాళ్లొచ్చారు. పలకల కింద నీడ పడుతుందని వాళ్లనీ తిప్పి పంపారు. ఆఖరికి ఒక కంపెనీ ప్రతినిధి వచ్చాడు. కంపెనీ పేరు చెప్పను, వాళ్ల లాయర్లు మా లాయర్ల కంటే మంచివాళ్లు.

"మీ ప్రణాళిక ఏమిటి?"

"ముప్పై మూడేళ్ల పాటు మేం అక్కడ ఏమీ చెయ్యం సార్."

భార్గవ గారు కుర్చీలో ముందుకి జరిగారు. "ఏమీ అంటే?"

"అటు అడుగు కూడా పెట్టం. లీజు కాగితం బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకుంటాం. భూమిని చూడాల్సిన పని మాకు లేదు."

జాయింట్ కలెక్టరు గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఇంత శుద్ధమైన పెట్టుబడిని తమ సర్వీసులో చూడలేదని మినిట్స్‌లో రాయమన్నారు. రాశాను. వందకి వంద మార్కులు కూడా నేనే వేశాను.

ఆ కంపెనీ రెండే షరతులు పెట్టింది. కాపలా ప్రభుత్వమే కొనసాగించాలి. రికార్డులో ఆక్రమణ అనే మాట ఉండకూడదు. రెండో షరతు దగ్గర మా హైమవతి గారి ప్రాణం గిలగిల్లాడింది. మూడు బి-మెమోలు రికార్డెక్కి కూర్చున్నాయి.

"అతన్ని తీసేద్దామా?" అన్నారు.

"తీసేస్తే మొదటి షరతు పోతుంది మేడమ్. హద్దులు తెలిసినవాడు ఇంకొకడు లేడు."

"పోనీ ఖాళీ చేయిద్దాం."

"ఖాళీ చేయించాల్సింది కాపలాదారే మేడమ్. అతన్ని అతనే మెడపట్టి గెంటాలి."

ఆమె తల పట్టుకున్నారు. అప్పుడు నాకు ఒక పాత జీవో గుర్తొచ్చింది. మూడు బి-మెమోలు పడ్డ నిరుపేద ఆక్రమణదారుకి, అతని అధీనంలో ఉన్న నేలలో రెండు సెంట్ల వరకు ఇంటి స్థలంగా పట్టా ఇచ్చి ఆక్రమణని రికార్డు నుంచి తీసేయవచ్చు. పదకొండేళ్లు న్యాయంగా అడిగినవాడికి దొరకని రెండు సెంట్లు, ఆక్రమించినవాడికి చట్టప్రకారం దొరుకుతాయి. ఆ జీవో చదువుతుంటే, చాలా ఏళ్ల తర్వాత, నాకు ఉద్యోగం చేస్తున్నట్టనిపించింది.

భార్యాభర్తలిద్దర్నీ ఆఫీసుకి పిలిపించి సంగతి చెప్పాను. చెంచమ్మ కుర్చీ అంచు మీద కూర్చుని విన్నది. ఈసారి నవ్వలేదు. "నిజంగానా సారూ?" అని రెండుసార్లు అడిగింది. మాలకొండయ్య సంతకం పెట్టాల్సిన కాగితం చదివాడు. అందులో, "నేను ప్రభుత్వ భూమిని ఆక్రమించి అనుభవిస్తున్న మాట వాస్తవము" అని ఉంది.

కాగితం బల్ల మీద పెట్టేశాడు.

"నేను పెట్టను సారూ."

"ఎందుకయ్యా?"

"పదకొండేళ్లు మేకని గూడా తొక్కనీలా. ఇప్పుడు నేనే దొంగనని రాసియ్యమంటారా? రేప్పొద్దున ఎవుడన్నా పాకేస్తే ఏ మొహం పెట్టుకోని యిజిలేసేది?"

"అది మాట వరసకే. ఫారం అలా ఉంది."

"ఫారానికి సిగ్గు లేదు సారూ. నాకుంది."

ఇరవై ఆరేళ్లలో ఒక మనిషి ఫారం చదివి మరీ సంతకం పెట్టననడం నేను చూడలేదు. చెంచమ్మ లేచి మొగుడి ఎదుట నిలబడింది.

"పదకొండేళ్లు నిజం రాసిచ్చావు గదా. ఏమొచ్చింది? ఎర్ర సిరా వచ్చింది. నాకు నలభై ఎనిమిదేళ్లు. ఇంతవరకు నా పొయ్యి నా నేల మీద పెట్టుకోని ఎరగను. అద్దెగదిలో మేకు కొట్టాలన్నా ఇంటామె ముందు చేతులు కట్టుకోని నిలబడాల. నువ్వు దొంగవి గాదని నాకు తెలుసు. సారుకి తెలుసు. ఇంకెవురికి తెలవాల?"

అతను ఆమె వంక ఒకసారి చూసి, కాగితం దగ్గరికి లాక్కుని, ఒక్కో అక్షరం దిద్దినట్టుగా సంతకం పెట్టాడు. పెట్టి పెన్ను నాకు తిరిగిస్తూ నా కళ్లలోకి చూడలేదు. నాకు సిగ్గేసింది. ఆ మనిషి చేత ఆ మాట రాయించింది నేనే, అదే అతనికి చేసిన మేలని అనుకుంటున్నదీ నేనే.

పట్టా పంపిణీ పండగలా జరిపారు. షామియానా వేశారు. లబ్ధిదారుడు ఒక్కడే కాబట్టి ఉపన్యాసాలన్నీ అతని మీదే పడ్డాయి. భార్గవ గారు రాజధాని నుంచి వచ్చి, "ఈరోజు ఒక ఆక్రమణదారుడు పౌరుడయ్యాడు" అన్నారు. మాలకొండయ్య ఖాకీ చొక్కాలో తలొంచుకుని నిలబడ్డాడు. చెంచమ్మ మాత్రం వేదిక ముందున్న నేల మీద కాలి బొటనవేలితో గీతలు గీస్తోంది. పొయ్యి ఎక్కడ, తలుపు ఎటువైపు, నీళ్ల తొట్టి ఎక్కడ అని లెక్క వేసుకుంటోందని దగ్గరికి వెళితే తెలిసింది.

సభ అయిపోయాక పట్టా నా చేతికిచ్చి చదవమంది. చదివాను. సర్వే నెంబరు, విస్తీర్ణం, హద్దులు. హద్దుల దగ్గర "నాలుగు వైపులా ఖాళీ" అని ఉంది. ఏడో షరతు దగ్గర ఆగిపోయాను.

"ఆగినారేంది సారూ?"

చదవక తప్పలేదు. "పక్కనున్న లీజు భూమి ఖాళీ విలువకి భంగం కలగకుండా, లబ్ధిదారు ఈ స్థలమును ముప్పై మూడు సంవత్సరముల పాటు ఎట్టి కట్టడములు లేక నూరు శాతము ఖాళీగా ఉంచవలెను. లేనిచో పట్టా రద్దగును."

చెంచమ్మ తను గీసిన గీతల వంక చూసుకుంది. నేను పరుగున వెళ్లి హైమవతి గారిని అడిగాను. ఆమె చెంచమ్మ దగ్గరికి వచ్చి ఓదార్పుగా భుజం మీద చెయ్యి వేశారు.

"చూడమ్మా, మీరు పదకొండేళ్లుగా స్థలం అడిగారు. ప్రభుత్వం స్థలం ఇచ్చింది. దరఖాస్తులో ఇల్లని ఎక్కడా రాయలేదు కదా."

"ఇంటి స్థలం అని రాశాం గదమ్మా."

"స్థలం అనే కదా రాశారు" అని ఆమె కారెక్కారు. మరుసటి నెల ఆవిడకి ప్రమోషను వచ్చింది. జిల్లాలో వంద శాతం ఖాళీ సాధించిన తొలి మండలం మాదే మరి.

అప్పుడు ఇంకో ఏర్పాటు కూడా జరిగింది. మాలకొండయ్య ఇకమీదట తన రెండు సెంట్లలో నిలబడి హాజరు సెల్ఫీ తీసుకోవాలి. లీజుదారు కోరాడని హాజరు చూసే శాఖ ఒకటో తారీఖున అతనికి పది నిమిషాలు సడలింపు ఇచ్చింది కాబట్టి, ఫొటో తీసేటప్పుడు మాత్రం నేను నిలబడే గుర్తు దగ్గరికి వచ్చి నా వెనక ఉండాలి. తన పట్టా కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని, తన సొంత రెండు సెంట్ల ఖాళీకి కూడా అతనే కాపలా కాస్తున్నాడు. అప్పటికీ అద్దె రేకుల గదే.

మొన్న ఇరవై తొమ్మిదో తారీఖున మాలకొండయ్య మా ఆఫీసుకి వచ్చాడు. కర్ర గుమ్మం బయట పెట్టి, లోపలికి వచ్చి నిటారుగా నిలబడ్డాడు.

"సారూ, రిపోర్టు రాసుకోండి. ఆక్రమణ జరగతా ఉంది."

"ఎక్కడ?"

"నా పట్టా స్థలంలో. నాలుగు గుంజలు పాతి పైన రేకులేసినారు. పొయ్యి గూడా పెట్టినారు."

"ఎవరు?"

"మా ఆడమనిషి." జేబులో విజిలు తడుముకున్నాడు. "నేను యిజిలేశాను సారూ. మూడుసార్లు ఏశాను. ఆమె యినలా. మూడోసారికి రేకు పట్టుకోమంది. పట్టుకున్నా."

నేను పెన్ను తీశాను. రాయడానికి నా దగ్గర మంచి వాక్యాలు ఉన్నాయి. ఇరవై ఆరేళ్లుగా రాసినవే. నాలుగు గుంజలు, రేకులు, పొయ్యి అని రాస్తే పట్టా పోతుంది, కాపలా ఉద్యోగం పోతుంది, ఆ ఇద్దరూ ముసలితనంలో కూడా మేకు కొట్టుకోవడానికి ఇంకొకర్ని అడుగుతూ బతకాలి.

"ఒకటో తారీఖున నేనే వచ్చి చూస్తాలే, పో" అన్నాను.

ఒకటో తారీఖున వెళ్లాను. పదకొండు కావస్తోంది. నిర్దేశించిన చోట నిలబడ్డాను. ఎదురుగా, నలభై రెండు ఎకరాల బోడి నేలకి ఒక మూలన, కొత్త రేకులు ఎండకి మెరుస్తున్నాయి. గుమ్మం దగ్గర పసుపు రాసి ఉంది. లోపలి నుంచి పొగ వస్తోంది. ఎంత దూరం నుంచి చూసినా అది ఇల్లే. యాప్ దాన్ని చూస్తే ఏమంటుందో నాకు తెలుసు.

యాప్‌కి ఒక సంగతి మాత్రం తెలియదు. మనిషి ఎక్కడ నిలబడ్డాడో అది కనిపెడుతుంది. ఎటు తిరిగి నిలబడ్డాడో దానికి అక్కర్లేదు.

నేను వెనక్కి తిరిగాను. అటువైపు రోడ్డవతల అంతా బీడే.

"ఇల్లు ఇటుంది సారూ" అన్నాడు మాలకొండయ్య, కర్రతో చూపిస్తూ. అంత నిజాయితీపరుణ్ని వెంటేసుకుని తప్పుడు పని చెయ్యడం మహా కష్టం.

"తెలుసు. నువ్వు కూడా ఇటు తిరుగు."

అతను కర్ర చంకలో పెట్టుకుని, మెల్లగా, తన ఇంటికి వీపు పెట్టి నా వెనక నిలబడ్డాడు. నేను ఫొటో తీశాను. నా సర్వీసులో మొదటిసారి తప్పు రిపోర్టు పంపించాను. ఫోను తెర మీద చక్రం గిరగిరా తిరిగాక, యాప్ "అభినందనలు! వంద శాతం ఖాళీ" అంది.

వెనక తిరగమోత చిటపటలాడిన చప్పుడు, కరివేపాకు వాసన ఒకేసారి వచ్చాయి. మేమిద్దరం ఇంకా అటు తిరిగే ఉన్నాం. చెంచమ్మ గుమ్మంలోకి వచ్చి కేకేసింది.

"ఖాళీ చూసుకోవడం అయిపోయిందా? అయితే ఇద్దరూ రాండి. అన్నం తిందురుగాని."